కోర్టు లేచేదాకా

తవిటమ్మ తన జన్మలో ఒకే ఒక్కసారి సన్యాసిరావు కాళ్లు పట్టుకుంది. ఆ తరవాత రెండేళ్లపాటు ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తన చేతులు తనకే మైలపడ్డట్టు అనిపించేది.

సన్యాసిరావుది పలాస పక్కన పల్లె. ఎప్పుడో వయసులో ఉండగా టాటానగర్లో రైలు దిగి, ఎవరి దగ్గరో ఫిట్టరుగా చేరి, పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ పక్కనే గమ్హరియాలో సొంతంగా ప్రెస్ షాపు పెట్టాడు. ఆరు ప్రెస్సులు. లారీలకు కావలసిన వాషర్లు, బ్రాకెట్లు కొట్టి పెద్ద కంపెనీలకు ఇచ్చేవాడు. పనివాళ్లను తన జిల్లా నుంచే తెచ్చుకునేవాడు. టాటానగర్ మాంగో పేటలో ఉండే మనవాళ్లంతా ఆయన పేరెత్తితే "మా నాయుడుబాబు" అనేవారు. పరాయి ఊళ్లో మనవాడొకడు యజమాని అయ్యాడంటే ఆ గర్వం కూలివాడికీ కొంత పంచుకోవడానికి దొరుకుతుంది మరి.

తవిటమ్మ మొగుడు అప్పన్న ఆ షాపులో మిస్త్రీ. ప్రెస్సులకు అచ్చులు బిగించడం, విప్పడం అతని పని. తవిటమ్మ ప్యాకింగులో కూర్చుని వాషర్ల అంచులు ఆకురాయితో గీకేది. ఆమె తమ్ముడు బలరామ్ మూడో నంబరు ప్రెస్సు మీద ఉండేవాడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. మందసలో పుట్టింటి నుంచి వాణ్ని చంకనేసుకుని తెచ్చి, తనకు పిల్లలు లేని లోటు వాడితోనే తీర్చుకుంది. బడికి పంపిస్తే పారిపోయి సువర్ణరేఖ నదిలో ఈత కొట్టేవాడు. అక్షరం ముక్క రాకుండానే ఇరవై రెండేళ్లవాడయ్యాడు. ఆమె తెలుగులో పిలిస్తే హిందీలో పలికేవాడు.

ప్రెస్సు ముందర ఇనప జాలీ తలుపొకటి ఉంటుంది. రేకు లోపల పెట్టి, చెయ్యి బయటికి తీసి, ఆ తలుపు మూస్తేనే పైనున్న బరువు కిందికి దిగుతుంది. ఒక్కో దెబ్బకూ ఒకసారి తెరవాలి, ఒకసారి మూయాలి. ఎనభై ఒకటో సంవత్సరం మార్చి నెలలో పెద్ద ఆర్డరొకటి నెత్తిమీద కూర్చుంది. సన్యాసిరావు గడియారం పట్టుకుని మూడో నంబరు ముందర కాసేపు నిలబడి, ఈ తలుపుతోనే సగం పొద్దు పోతోందని లెక్కవేశాడు. జాలీలు విప్పించెయ్యమని అప్పన్నతో చెప్పాడు. అప్పన్న నసిగాడు గాని, ఆయన రెండోసారి చెప్పించుకునే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే ఆరు జాలీలూ విప్పి గోడవార పేర్చాడు.

నాలుగో రోజున బలరామ్ పెడలు తొక్కి ఒక దెబ్బ కొట్టి, తయారైన ముక్క తీయడానికి ఎడమ చెయ్యి లోపల పెట్టాడు. పెడలు మీద కాలు లేదు. అయినా ప్రెస్సు రెండో దెబ్బ కొట్టింది.

తవిటమ్మకు అరుపు వినబడలేదు. షాపంతా ఒక్కసారిగా ఆగిపోవడం వినబడింది. ఆమె వెళ్లేసరికి తమ్ముడు నిలబడే ఉన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా ప్రెస్సు లోపలికి చూస్తూ.

సన్యాసిరావు స్వయంగా జీపు నడిపాడు. కార్మికుల బీమా ఆసుపత్రి దారిలోనే ఉంది. దాన్ని దాటించి, ఖర్కాయి నది వంతెన కూడా దాటించి, తనకు తెలిసిన ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మణికట్టు దగ్గర మిగిలిన తోలు కోసేసి కుట్లు వేశారు. "ప్రాణానికి భయం నేదు, నానున్నాను కదేటి" అన్నాడు సన్యాసిరావు. అప్పుడే ఆమె వంగి ఆయన కాళ్లు పట్టుకుంది. దేవుడిలా వచ్చావు బావూ అని ఏడ్చింది. తెగిన చేతిని అప్పన్న తువ్వాల్లో చుట్టి తీసుకుపోయి ఖర్కాయి ఒడ్డున పాతిపెట్టి వచ్చాడు.

పది రోజుల తరవాత ఆమె పనిలోకి వెళ్లింది. ఆరు ప్రెస్సులకూ జాలీలు బిగించి ఉన్నాయి. కొత్తగా పసుపు రంగు కూడా వేశారు. మూడో నంబరు మీద కొత్త మనిషి తలుపు తెరుస్తూ మూస్తూ పని చేసుకుంటున్నాడు. ఆమె అక్కడే నిలబడి ఆ తలుపు చప్పుడు చాలాసేపు విన్నది. ఆ చప్పుడు తప్పించాలని కదా తమ్ముడి చెయ్యి పోయింది. డాక్టరు ఇచ్చిన చీటీని మాంగో బజారులో మందుల కొట్టువాడి చేత చదివిస్తే, మార్చి పన్నెండున ఇంటి దగ్గర గడ్డి కోసే మెషీనులో పడి ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయిందని రాసి ఉంది. వాళ్లకు ఆవూ లేదు, గేదే లేదు, గడ్డి కోసే మెషీను మొహమైనా ఎరగరు. జీపు బీమా ఆసుపత్రిని ఎందుకు దాటిపోయిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

కాళ్లు పట్టుకున్న చేతులు ఆ రోజు నుంచే మండడం మొదలుపెట్టాయి.

రేకుల తుప్పు వదలగొట్టే యాసిడ్ తొట్టె షాపు వెనక ఉండేది. ఏప్రిల్ చివర్లో ఒకనాడు ఆమె ఆ యాసిడ్‌ను పింగాణీ జాడీతో ముంచి, కొంగు చాటున పెట్టుకుని, ఆఫీసు గుమ్మం పక్క నిలబడింది. ఆయన జీపు ఎక్కేటప్పుడు మొహాన కొట్టాలని ఆమె ఉద్దేశం. ఆ తరవాత తనను ఏం చేస్తారన్నది ఆమె ఆలోచించలేదు. తనకు అక్కరలేదు కూడా.

సన్యాసిరావు బయటికి వచ్చాడు గాని, జీపు వైపు రాలేదు. గేటు వైపు పరుగెత్తాడు. చంకలో తోలు సంచీ పెట్టుకున్న సన్నటి మనిషొకడు రిక్షా దిగుతున్నాడు. సన్యాసిరావు ఆ మనిషికి ఎండ తగలకుండా తన గొడుగు పట్టి, తాను ఎండలో వంగి నడిచాడు. టీ తెప్పిస్తే ఆ మనిషి ముట్టుకోలేదు. గోడకు తగిలించిన కాగితాలు అడిగాడు, రిజిస్టర్లు అడిగాడు. అడిగిన ప్రతిసారీ సన్యాసిరావు మెడ తుడుచుకున్నాడు. అవతలి షాపులో ఏదో ఫిర్యాదుకు వచ్చి, పనిలో పనిగా ఇటు తొంగిచూశాడట. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరని అప్పన్న చెప్పాడు.

తవిటమ్మ వెనక్కి వెళ్లి జాడీలో యాసిడ్ తొట్టెలో ఒంపేసింది. జాలి పుట్టి కాదు. మొహం కాల్చితే ఆయన్ని అందరూ అయ్యోపాపం అంటారు. ఆయన భయపడే వస్తువు ఇంకొకటి ఉందని ఆమెకు ఆ రోజు కళ్లారా కనబడింది.

మర్నాడు పని మానేసి, మాంగో వంతెన మీదుగా మినీబస్సులో పోయి, ఇన్‌స్పెక్టరు ఆఫీసు వెతుక్కుంది. అక్కడ టైపు కొట్టే అమ్మాయి పద్మకుమారి. టాటానగర్లో రైలు గార్డు కూతురు, తెలుగు పిల్ల. తవిటమ్మ చెప్పిందంతా విని, పక్క కుర్చీలో కూర్చోబెట్టి చట్టంలో ఏముందో విడమరిచి చెప్పింది. కదిలే యంత్రానికి అడ్డు కట్టించడం యజమాని పూచీ. పనివాడు అజాగ్రత్తగా ఉన్నాడని చెప్పి ఆ పూచీ తప్పించుకోలేడు. ప్రమాదం జరిగితే ఇన్‌స్పెక్టరుకు కబురు పంపడం కూడా ఆయన పూచీయే. కేసు వేసే అధికారం మాత్రం ఇన్‌స్పెక్టరుదే, అదీ తనకు తెలిసిన మూడు నెలల లోపల వెయ్యాలి.

తవిటమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"జైలుకెల్తాడా?"

"చట్టంలో మూడు నెలల దాకా ఉంది పిన్నీ. కానీ చాలావరకు జుర్మానాతోనే పోతుంది."

తవిటమ్మకు మొదటి మాట మాత్రమే వినబడింది.

ఇన్‌స్పెక్టరు మే నెలలో వచ్చాడు. ఈసారి ప్రెస్సుల దగ్గరే నిలబడి పనివాళ్లను ఒక్కొక్కరిగా అడిగాడు. ఇద్దరు నిజం చెప్పారు. ఇక గడ్డి మెషీను కథ నిలవదని సన్యాసిరావుకు అర్థమైంది. అందుకోసం ముందే రాయించి పెట్టుకున్న కాగితం బీరువాలోంచి తీశాడు. బలరామ్ ఇచ్చిన వాంగ్మూలమట అది. జాలీ నేనే విప్పుకున్నాను, తప్పు నాదే, కబురు పంపవద్దని యజమానిని నేనే బతిమాలుకున్నాను, అని రాసి ఉంది. కింద వేలిముద్ర.

ఇన్‌స్పెక్టరు అక్కాతమ్ముళ్లను ఆఫీసుకు పిలిపించాడు. సన్యాసిరావు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పద్మకుమారి కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా తెలుగులో వినిపించింది. తేదీ మార్చి పంతొమ్మిది. వేలిముద్ర పక్కన షాపు గుమాస్తా ఆనవాయితీగా రాసిన రెండు మాటలు కూడా చదివింది: ఎడమ బొటనవేలు.

తవిటమ్మ తమ్ముడి ఎడమ జబ్బ పట్టుకుని, చొక్కా చెయ్యి పైకి తోసి, మొండి మణికట్టును ఇన్‌స్పెక్టరు బల్ల మీద ఆ కాగితం పక్కనే పెట్టింది. డాక్టరు చీటీ కొంగు ముడి విప్పి దాని పక్కన పెట్టింది. మార్చి పన్నెండు అని అందులో ఉంది. ప్రమాదం దాచాలని డాక్టరు చేత రాయించిన అబద్ధమే రెండో అబద్ధాన్ని పట్టించింది.

"పన్నెండో తారీకున పాతీసిన సెయ్యి పంతొమ్మిదో తారీకున ఎలాగ లేచొచ్చి ముద్రేసింది బావూ?" అంది.

సన్యాసిరావు మెడ తుడుచుకున్నాడు. ఆమెకు కడుపు నిండినట్టయింది.

ఆ నిండుదనం ఇంటికి వచ్చేదాకా కూడా నిలవలేదు. ఆ వేలు తమ్ముడిది కాకపోతే మరి ఎవరిది? పరీక్షకు పంపుతానని ఇన్‌స్పెక్టరు అన్నాడు. ఆ మాట ఆమె అప్పన్నకు చెబుతూ ఉంటే అతను అన్నం కలుపుతున్న చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. తవిటమ్మ అతని వైపు చూసి, ఇంకేమీ అడగకుండా అతని ఎడమ చెయ్యి లాగి బొటనవేలు తిప్పి చూసింది. చదువు రాని ఆమెకు ఆ గీతల్లో ఏం తెలుస్తుంది. అయినా తెలిసింది.

బలవంతం చేశారన్నాడు అప్పన్న. ముద్ర వెయ్యకపోతే షాపు మూసేస్తానన్నారు, మన వాళ్లు ముప్పైమంది రోడ్డున పడతారన్నారు. జాలీలు విప్పింది నీ చేత్తోనే కదా, ముందు నిన్నే పట్టుకుపోతారని కూడా బెదిరించారు. అంతా చెప్పి తల దించుకుని కూర్చున్నాడు.

తవిటమ్మ అతన్ని తిట్టలేదు. పళ్లెం తీసి కడిగేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కోర్టులో సెప్తావా మావా?"

"సెప్తే నన్నే లోపలేత్తారు."

"ఏత్తే ఏత్తారు. నువ్వు లోపలికెల్తే ఆడూ నీ ఎనకాలే ఎల్తాడు. నాకది సాలు."

పాతికేళ్ల కాపురంలో అప్పన్న ఆమె మొహం అలా ఉండగా చూడలేదు. సరేనన్నాడు. భయపడి ఒప్పుకున్నాడో, సిగ్గుపడి ఒప్పుకున్నాడో అతనికే తెలియదు.

సన్యాసిరావు ఆ వారంలోనే మాంగోలో వాళ్లింటికి వచ్చాడు. మంచం మీద కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. బలరామ్‌కు జీవితాంతం గేటు దగ్గర పని ఇస్తానన్నాడు. అప్పన్నను మునపటిలాగే ఉంచుతానన్నాడు. ఒకే జిల్లా నుంచి వచ్చి, ఒకరి పరువు ఒకరు ఇలా హిందీవాళ్ల ముందర పారబోసుకోకూడదన్నాడు. మాటలో నిజంగానే బాధ ఉంది. తవిటమ్మ అది గమనించింది. గమనించి సంతోషించింది.

"నీకేటి కావాలో నువ్వే సెప్పు తవిటమ్మా" అన్నాడు చివరికి.

"బోనులో నిలబడాల మీరు. నాను సూడాల."

ఆయన వెళ్లాక బలరామ్ అక్క మీద విసుక్కున్నాడు. పోయింది తన చెయ్యి. గేటు పని దొరికితే చేసుకుంటాడు. ఈ పగ అక్కదే గాని తనది కాదన్నాడు. "ఛోడ్ దో నా అప్పా. ముఝే జీనా హై" అన్నాడు, ఇక వదిలెయ్యమని, తనకు బతకాలని ఉందని.

"నువ్వు బతుకు. నాను సూసుకుంటాను" అంది ఆమె.

అప్పటి నుంచి వాడు కోర్టు దగ్గరికి పిలిచినప్పుడు తప్ప ఆ ఊసెత్తలేదు. అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు తగ్గాయి. ఆ నష్టం కూడా ఆమె సన్యాసిరావు పద్దులోనే వేసింది.

కేసు సరాయికేలా కోర్టులో పడింది. తవిటమ్మనూ అప్పన్ననూ పనిలోంచి తీసేశారు. అప్పన్న ఆదిత్యపూర్‌లో రోజు కూలికి పోయాడు. ఆమె మాంగో బజారులో ఎండుచేపల గంప పెట్టుకుంది. మన పేటలో కొందరు ఆమె గంప దగ్గరికి రావడం మానేశారు. వాయిదా ఉన్న రోజున మాత్రం గంప తెరిచేది కాదు. చద్దన్నం మూట కట్టుకుని బస్సెక్కేది. సాక్షుల్ని పిలవని వాయిదాలకు కూడా వెళ్లేది. ఇన్‌స్పెక్టరు ఒకసారి మీరు రానక్కర్లేదమ్మా అని చెప్పాడు. సన్యాసిరావు వస్తున్నాడు కదా అంది ఆమె.

వేలిముద్రల నిపుణులు అది అప్పన్నదేనని తేల్చారు. అప్పన్న బోనెక్కి అన్నీ చెప్పాడు. జాలీలు ఎవరు విప్పమన్నారో, ఎందుకు విప్పమన్నారో, ముద్ర ఏ గదిలో ఎవరి ముందర వేశాడో. చెబుతున్నంతసేపూ సన్యాసిరావు వైపు చూడలేదు. అతను తడబడినప్పుడు తవిటమ్మ దగ్గింది. అతను మళ్లీ అందుకున్నాడు.

ఎనభై మూడు జులైలో తీర్పు వచ్చింది. యంత్రానికి అడ్డు లేకుండా పని చేయించినందుకు, ప్రమాదం దాచినందుకు సన్యాసిరావు దోషి అన్నాడు మేజిస్ట్రేటు. దొంగ కాగితం సంగతి వేరే కేసుగా నడపమన్నాడు. అప్పన్న యజమాని ఆజ్ఞ మీద చేశాడు గనుక మందలింపుతో సరిపెట్టాడు. సన్యాసిరావుకు జుర్మానా, దానితోపాటు కోర్టు లేచేదాకా ఖైదు.

ఆ చివరి మాట ఏమిటో తవిటమ్మకు అర్థం కాలేదు. ఆ రోజు సెలవు పెట్టి తోడు వచ్చిన పద్మకుమారి చెప్పింది. మేజిస్ట్రేటు ఆ రోజు పని ముగించి లేచేదాకా ఆయన అక్కడే ఖైదీగా కూర్చోవాలి. అంతే. సాయంత్రం ఇంటికి వెళ్లిపోవచ్చు.

మూడు నెలలు అనుకున్నది ఒక్క పూటకు దిగింది. తవిటమ్మ లేచి, ఖైదీ బెంచీకి సరిగ్గా ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి పోయి చతికిలబడింది. ఉన్న పూటంతా తనకే కావాలి. ఐదింటి దాకా అని పద్మకుమారి అంది. ఇప్పుడు పదకొండు. కానిస్టేబులు పక్కన సన్యాసిరావు తెల్ల చొక్కాతో కూర్చున్నాడు. ఆయనకు తెలిసిన వ్యాపారస్తులు వరండాలో పోతూ చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు. ఒంటికి వెళ్లాలంటే కానిస్టేబుల్ని అడగాల్సి వచ్చింది. వాడు కాసేపు ఆగమన్నాడు. ఆమె అన్నీ చూసింది. రెప్ప కూడా పొదుపుగా వేసింది. ఆయన ఒకసారి ఆమె వైపు చూసి, చూపు నిలపలేక కిటికీ వైపు తిరిగాడు.

పన్నెండున్నరకు నల్లకోటు పెద్దమనిషి ఒకాయన లోపలికి వచ్చి మేజిస్ట్రేటు చెవిలో ఏదో చెప్పాడు. ముసలి ప్లీడరెవరో పోయారట. అందరూ లేచి కాసేపు మౌనంగా నిలబడ్డారు. ఆయన గౌరవార్థం ఈ పూటకు పని చాలించామని చెప్పి మేజిస్ట్రేటు లేచి వెళ్లిపోయాడు.

కోర్టు లేచింది. కానిస్టేబులు పక్కకు తప్పుకున్నాడు. సన్యాసిరావు కూడా లేచి చొక్కా సవరించుకున్నాడు.

తవిటమ్మ కోర్టు కాగితాలు చూసే పేష్కారు దగ్గరికి పరుగున వెళ్లి, ఇంకా పొద్దుంది కదా, అప్పుడే ఎలా వదిలేస్తారని ఆ తొందరలో తెలుగులోనే అడిగింది. ఆయనకు తెలుగు రాదు. చెయ్యి విసిరి కాగితాలు కట్టుకుంటున్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి సన్యాసిరావు గుమ్మం వైపు నడుస్తున్నాడు. ఆమె అడ్డంగా పోయి గుమ్మంలో నిలబడింది. రెండు చేతులూ చెరో వైపు ద్వారబంధానికి ఆనించింది.

"తప్పుకో తవిటమ్మా. శిచ్చ అయిపోనాది" అన్నాడు ఆయన మెల్లగా.

"మా తమ్ముడి సెయ్యి ఎవులు తీసినారో సెప్పి ఎల్లండి."

వెనక నుంచి బయటికి రావలసిన జనం ఆగిపోయారు. ప్లీడర్లు, గుమాస్తాలు, వాయిదాలకు వచ్చిన పల్లెవాళ్లు. వాళ్లకు మాటలు తెలియకపోయినా మొహాలు తెలుస్తున్నాయి. ఆయన కానిస్టేబులు కోసం చూశాడు. వాడు బీడీ వెలిగించుకోవడానికి అప్పటికే బయటికి వెళ్లిపోయాడు.

"నానే" అన్నాడు సన్యాసిరావు, ఆమెకు మాత్రమే వినబడేలా.

"ఈలకి తెలిసేలాగ సెప్పండి. హిందీలో సెప్పండి."

ఆయన మొహం నల్లబడింది. గుమ్మంలో ఉన్న చేతులు కదల్లేదు. చివరికి తల వంచుకుని, "లడ్కే కా హాథ్ మైనే కాటా" అన్నాడు, కుర్రాడి చెయ్యి తీసింది తానేనని. మాట అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది.

తవిటమ్మ చేతులు దించింది. ఆయన ఆమెకు తగలకుండా ఒదిగి బయటికి పోయాడు.

ప్రమాదం రికార్డుకెక్కింది గనుక బీమా వాళ్లు బలరామ్‌కు జీవితాంతం పింఛను రాశారు. వాడు ఆ సంవత్సరమే సాక్చీలో ఒక సైకిల్ షాపులో కుదురుకున్నాడు. ఒంటి చేత్తో చక్రం ఎక్కించడం నేర్చుకున్నాడు. అక్కతో మళ్లీ కాస్త మాట్లాడసాగాడు. దొంగ కాగితం కేసు ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదా రోజున తవిటమ్మ ఎండుచేపల గంప మూసి, చద్దన్నం కట్టుకుని సరాయికేలా బస్సెక్కుతుంది. అప్పన్న కూడా వెంట వస్తాడు. ఒకసారి వాయిదా నుంచి వస్తూ, ఇంకా ఎన్నాళ్లే ఇది అని అతను అడిగాడు. ఆమె కిటికీలోంచి గమ్హరియా పొగగొట్టాలు చూస్తోంది. చూస్తూనే, వచ్చే వాయిదా తారీకు రాసిన చీటీని కొంగున ముడివేసుకుంది.